మేం చెంబు పాతిన మూల

పోయిన శనివారం ఇండియన్ స్టోర్‌లో బెండకాయలు ఏరుతుంటే, మా వెనక వీధిలో ఇల్లు కట్టించుకుంటున్న తెలుగమ్మాయి పలకరించింది. "అంకుల్, నెక్స్ట్ వీక్ మా శంకుస్థాపన. ఈశాన్యం ఎటో ఫోన్‌లో కంపాస్ చూసుకుంటే సరిపోతుంది కదా?" అంది. సరిపోతుందమ్మా, ఇనుము మీద పెట్టి మాత్రం చూడకు అన్నాను. ఎందుకని అడుగుతుందేమోనని బుట్ట కింద పెట్టి మరీ నిలబడ్డాను. ఆ అమ్మాయి థాంక్స్ చెప్పి బిల్లింగ్ వైపు వెళ్లిపోయింది. ఈ మధ్య నాకిది అలవాటైంది. నా దగ్గర చెప్పడానికి కథలుంటాయి, వినేవాళ్లకి తీరికుండదు.

రెండేళ్ల కిందట మా ఆవిడ పోయింది. ఆర్నెల్లు ఎలాగో గడిపాను. దేశానికి అటు చివరున్న బాతెల్ నుంచి మా అమ్మాయి రోజూ ఫోన్ చేసి, "నాన్నా, ఏదైనా హాబీ స్టార్ట్ చెయ్. ఇంట్లో అలా కూర్చోకు, ప్లీజ్" అని ప్రాణం తీసేది. అరవై ఆరేళ్లకి గోల్ఫ్ నేర్చుకునే నడుము నాకు లేదు, భజనలకి వెళ్లే గొంతూ లేదు. చివరికి ఒక మెటల్ డిటెక్టర్ కొన్నాను. పొడుగాటి కర్ర, దాని చివర పళ్లెం లాంటి చక్రం, చెవులకి హెడ్‌ఫోన్స్. ఆ పళ్లేన్ని నేలకి ఆనీ ఆననట్టు ఊపుకుంటూ నడవాలి. కింద ఇనుముంటే గుర్రుమంటుంది, రాగో వెండో ఉంటే సన్నగా కీచుమంటుంది. పర్మిషన్ అడిగి చర్చి వెనక మైదానంలో తిరిగాను, లేక్ ఒడ్డున ఇసకలో తిరిగాను. ఏడాదికి పైగా తిరిగితే సోడా మూతలు, టెంటు మేకులు, చక్రాల్లేని బొమ్మకారు దొరికాయి. అయినా మానలేదు. నిజం చెప్పాలంటే అమ్మాయి ఫోన్ తప్పితే రోజు మొత్తంలో నాకు బదులు పలికేది ఆ మిషను ఒక్కటే.

మా పెరడు జోలికి మాత్రం పోలేదు. ఇరవై రెండేళ్ల కిందట ఈ కమ్మింగ్ ఊళ్లో స్థలం కొన్నప్పుడు ఇదంతా ఎర్రమట్టి, చెట్టూ లేదు, కంచే లేదు. పునాదికి ముందు ఈశాన్యంలో రాగి చెంబు పాతాల్సిందేనని మా ఆవిడ పట్టుబట్టింది. అందులో నవధాన్యాలు, పంచలోహాల ముక్కలు, ఒక రూపాయి బిళ్ల. కాంక్రీటు పోసే చోట కుదరదు, కావాలంటే స్థలం మూలన తవ్వుకోమన్నాడు బిల్డరు. ఆ రోజు ముసురు, సూర్యుడి జాడ లేదు. పంతులుగారు ఫోన్ స్పీకర్లో మంత్రాలు చదువుతున్నారు. ఇంజనీర్ని కదా, జేబులోంచి కంపాస్ తీసి, మట్టి అంటకుండా అక్కడ పేర్చి ఉన్న పునాది ఊచల మీద పెట్టి దిక్కు తేల్చాను. "ఏమండీ, ఇది ఆగ్నేయంలా ఉందండీ" అంది ఆవిడ. కంపాస్ కంటే నీకెక్కువ తెలుసా అని పాతేశాను. ఇల్లు లేచి గడ్డి పరిచాక ఆనవాలు పోయింది. ఈశాన్యంలో, అమ్మాయి ఉయ్యాల ఉన్న చోటే పెట్టామని నేను. కాదు, ఆగ్నేయంలో, గోంగూర మడి కిందని ఆవిడ. నా ఉద్యోగం ఊడినా, బేస్‌మెంట్‌లోకి నీళ్లొచ్చినా, ఆఖరికి సాంబారు అడుగంటినా, "అగ్ని మూలలో చెంబు పెడితే మాడక ఏమవుతుంది!" అనేది. నేను కంపాస్ చూశానే అనేవాణ్ణి. ఆ మాటలు లేకుండా మా ఇంట్లో వారం గడిచేది కాదు. అందుకే వెతకలేదు. తేలిపోతే ఇంక వాదించడానికి ఏం మిగులుతుంది?

ఈ ఫిబ్రవరి నాటికి అమ్మాయి ఫోన్లు రోజూ కాస్తా వారానికొకటి అయ్యాయి. తప్పు తనది కాదు. బాగానే ఉన్నానని నేనే చెబుతూ వచ్చాను. ఒక ఆదివారం మధ్యాహ్నం, నాలుగు రోజులుగా నోరు విప్పలేదని గుర్తొచ్చి భయమేసింది. మిషను పట్టుకుని పెరట్లోకి దిగాను. ముందు ఈశాన్యం. మేకులు, మళ్లీ మేకులు, ఉయ్యాల బోల్టు ఒకటి. తరవాత గోంగూర మడి. ఇప్పుడక్కడ కలుపూ గడ్డీ తప్ప ఏమీ లేదు. రెండో ఊపుకే చెవుల్లో కీచుమంది, ఎటు తిప్పినా ఆగలేదు. గడ్డిని మూడు వైపులా కోసి చాపలా మడిచి, మోకాళ్ల మీద కూర్చుని తవ్వాను. అడుగున్నర లోతున చిలుము పట్టిన రాగి మూత తగిలింది. ఇనుప ఊచలు కంపాస్ ముల్లుని పక్కకి లాగేస్తాయి. ఆ సంగతి పిల్లలకి కూడా తెలుసు, ఇరవై ఏళ్లూ నాకే తట్టలేదు. "నువ్వు చెప్పిందే కరెక్టు" అన్నాను పైకే. "నేను చెప్పలేదూ" అని ఎవరూ అనలేదు. అక్కడే కూర్చుని ఏడ్చాను.

అమ్మాయికి ఫోన్ చేసి, చెంబు దొరికిందే, మీ అమ్మే గెలిచింది అన్నాను. "ఓ మై గాడ్, మీరిద్దరూ ఇంకా ఫైట్ చేస్తున్నారా!" అని నవ్వి, చటుక్కున ఆగిపోయింది. తరవాత మెల్లగా, "ఇప్పుడు రైట్ కార్నర్‌లో పెట్టెయ్ నాన్నా, ఈజీ కదా" అంది. మంచి సలహానే. చెంబు పట్టుకుని ఈశాన్యం దాకా నడిచాను కూడా. అక్కడ పెడితే ఇన్నేళ్లూ నేనన్న మాటే నిజమైపోతుంది. ఆవిడ లేని సమయం చూసి గెలవడం నాకు మనస్కరించలేదు. వెనక్కి వచ్చి, తీసిన గోతిలోనే దించి, మట్టి కప్పి, గడ్డి పరిచాను. వాదించుకోవడానికి మాకు ఇరవై ఏళ్లు దొరికాయి. ఓడిపోయానని ఒప్పుకోవడానికి నేను రెండేళ్లు ఆలస్యంగా వచ్చాను.