పదిహేను అంగుళాల ఖాళీ

ఆ వీధి దర్జీ ఫోటో తీయడానికి ఫోను పైకెత్తాడంటే చాలు, ఎదురుగా ఉన్నవాళ్ళు తమ మధ్య పదిహేను అంగుళాల ఖాళీ వదలాల్సిందే. మేనకోడలి పుట్టినరోజైనా, వీధి వార్షికోత్సవంలో గోనెసంచుల పరుగైనా ఇదే వరస. ఉజ్జాయింపుగా వదిలితే ఊరుకోడు. మెడలోని టేపు తీసి మరీ కొలుస్తాడు.

"పదమూడే వచ్చింది. బావా, ఇంకో రెండంగుళాలు జరుగు."

"ఇంకా జరిగితే గోడలోకి పోతానయ్యా!"

"అయితే పొట్ట లోపలికి లాగు. ఆఁ, అంతే! ఇంకొక్కటి!"

ఆ ఇంకొక్కటి పూర్తయ్యేసరికి కేకు మీద కొవ్వొత్తులు కరిగిపోయేవి, పుట్టినరోజు పిల్ల కునుకు తీసేది. ఖాళీ ఎందుకని అడిగితే "గాలాడాలి కదా" అనేవాడు. బట్టల్లో వదులు ఉంచే అలవాటు ఫోటోలకూ ఎక్కిందని వీధంతా పడీపడీ నవ్వేది.

నవ్వనిది అతని అక్క ఒక్కతే. ఆవిడ ఆసుపత్రిలో నర్సు. ఇంట్లో సందడి ఉందంటే చాలు, ఆవిడకు సరిగ్గా ఆ రోజే డ్యూటీ పడేది. తమ్ముడు పంపిన ఫోటోలు టీ తాగే వేళ చూసుకుని మనసు కష్టపెట్టుకునేది. కూతురికి ఏడు పుట్టినరోజులయ్యాయి, ఒక్క ఫోటోలోనూ తల్లి లేదు.

"రేపు మనవలు ఇవి చూసి, అమ్మమ్మ ఏదీ అంటే ఏం చెప్పాలిరా?" అంది ఒకసారి.

"చూద్దాంలే అక్కా" అని మిషను తొక్కుకున్నాడు. ఆవిడకు ఒళ్ళు మండిపోయింది.

ఈ ఏడు వార్షికోత్సవానికి ఎట్టకేలకు సెలవు దొరికింది! పొద్దున్నే ఆవిడ తమ్ముడి కొట్టుకు పరుగులాంటి నడకతో వచ్చింది. అతను మిగులు గుడ్డలతో అట్ట కుట్టిన లావుపాటి ఆల్బం చేతిలో పెట్టాడు.

తెరిచి చూస్తే ప్రతి ఖాళీలోనూ ఆవిడే! ఆసుపత్రి గుర్తింపు కార్డు ఫోటోను కాపీలు తీయించి, కత్తిరించి అతికించాడు. ప్రతి వేడుకలోనూ అదే తెల్లకోటు, అదే గుడ్లప్పగించిన చూపు. కేకు పక్కన నిలబడి, ఇంజెక్షన్ ఇవ్వబోతున్నట్టు కూతుర్ని చూస్తోంది.

"ఒరేయ్, గోనెసంచుల పరుగులో నాకు కాళ్ళేవిరా?"

"కార్డు ఫోటోలో కాళ్ళెక్కడుంటాయి? అందుకే నిజం గోనె ముక్క అతికించాను, చూడు!"

"మరి ఆ పదిహేను అంగుళాలు..."

"నీ కోటు కొలతే. ఈ భుజం నుంచి ఆ భుజానికి. నా కొలతల పుస్తకంలో మొదటి పేజీ నీదే కదక్కా."

ఆవిడ డొక్కలు పట్టుకుని నవ్వింది. తమ్ముడి నెత్తిన ఒక్కటిచ్చి, మళ్ళీ నవ్వింది. ఇంత ప్రేమను ఇన్నాళ్ళూ పిచ్చి అనుకున్నందుకు లోపల సిగ్గేసింది కూడా.

సాయంత్రం వీధి నడుమ అందరూ ఫోటోకు నిలబడ్డారు. ఖాళీలో అక్క సరిగ్గా సరిపోయింది. దర్జీ ఫోను ఎత్తేలోగా ఆవిడకు ఆల్బం గుర్తొచ్చింది. అంత ఆల్బంలో వాడెక్కడా లేడు!

గబగబా వెళ్ళి ఫోను లాక్కుని టీకొట్టాయన చేతిలో పెట్టింది.

"అందరూ జరగండి! నా పక్కన ఖాళీ కావాలి."

"ఎంత?" అన్నాడు బావ.

"వీడి పొట్టకు పాతికైనా ఉండాలి!"

ఫోటో వచ్చింది. ఒక మూలంతా టీకొట్టాయన బొటనవేలు. దర్జీ కళ్ళు మూసుకుని ఉన్నాడు.

"ఇంకొక్కటి!" అని అరిచింది వీధంతా.

"ఎందుకూ? ఇది భేషుగ్గా ఉంది" అన్నాడు దర్జీ.

ఇప్పుడది అతని మిషను పైన గోడకు వేలాడుతోంది, బొటనవేలితో సహా.