వాన ముందా, జలుబు ముందా?

“ఏనుగు గౌను వేసుకుంటే తలుపెందుకు ఊడుతుందండీ? రేపు ఒకటో తరగతి పిల్ల లేచి అడిగితే నేనేం చెప్పుకోవాలి?”

“మెల్లగా మాస్టారూ, బయట జనం ఉన్నారు.”

“విననివ్వండి! పిల్లి గొడుగు కొంటే గుండీ పట్టదట! ఇది పుస్తకమా, జ్వరం పలవరింతా?”

చెక్క అడ్డానికి అవతల ప్రెస్సు ఓనరు గదిలో ఈ గొడవ జరుగుతుంటే, ఇవతల బైండింగు గదిలో సూదత్త చేతిలోని బద్ద ఆగిపోయింది. కాగితం మడత మీద ఆ బద్దతో ఒక్క గీటు గీస్తే మడత కత్తిలా పడుతుంది. ముప్ఫై ఏళ్లుగా ఆ గీటు మధ్యలో ఆగింది లేదు.

ప్రెస్సులో అందరికీ ఆమె సూదత్తే. వెనకటికి పుస్తకాలను సూదీ దారంతో కుట్టేది. తర్వాత పిన్నులు కొట్టే మిషను వచ్చి సూది పోయింది, పేరు మిగిలింది. ఆమె చదువుకోనిదేమీ కాదు. అయితే పని నేర్పిన పెద్దాయన మొదటి రోజే చెప్పాడు: “మడిచేవాళ్లు చదవకూడదమ్మా. చదివితే చెయ్యి ఆగుతుంది.” ఆ మాట పట్టుకుని ఆమె వేల పుస్తకాలు మడిచింది, ఒక్కటీ చదవలేదు. మూలనున్న పేజీ అంకె చూడటం, మడవడం, పేర్చడం. అంతే. పాఠ్యపుస్తకాలైనా, పద్దు పుస్తకాలైనా, ఎవరో పెద్దమనిషి సొంత డబ్బుతో వేసుకున్న జీవిత చరిత్రైనా ఆమెకు ఒకటే.

ఈ మాస్టారి పుస్తకానికి మాత్రం అంకెల్లేవు. ఒకటో తరగతి పిల్లలు మొదటిసారి తమంతట తాము చదువుకోవాలని ఆయన రాసిన బొమ్మల పుస్తకం అది. ఎడమ పేజీలో ఒక ముక్క, కుడి పేజీలో దానికి ప్రాస కుదిరే రెండో ముక్క. “అంకె కనిపిస్తే పిల్లలు బొమ్మ మానేసి అంకెలే లెక్కపెడతారు, వేయొద్దు” అన్నాడాయన. నాలుగు కాగితాల పుస్తకం. ఒక్కోదాన్ని సగానికి మడిచి, ఒకదాని ఒడిలో ఒకటి కూర్చోబెట్టి, వెన్ను మీద రెండు పిన్నులు కొట్టాలి. కాగితాల దొంతర మీద నమూనా పుస్తకం కూడా పెట్టారు. సూదత్త దాన్ని తెరవలేదు. నమూనా చూసి మడవడానికి తను నిన్నగాక మొన్న చేరిందా?

బొమ్మలు చూసింది. ఒక కాగితం మీద కప్ప ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుంది. ఇంకోదాని మీద జోరు వాన, పిల్లి గొడుగు బేరమాడుతోంది. వానలో తడిస్తేనే కదా జలుబు చేసేది! వాన కాగితాన్ని పైన పెట్టి, జలుబు కాగితాన్ని దాని ఒడిలో పెట్టింది. అలా నాలుగు వందల పుస్తకాలు, చేయి ఆపకుండా.

ఇప్పుడు దొంతరలోంచి ఒకటి లాగి, ముప్ఫై ఏళ్లలో మొదటిసారి తను మడిచిన పుస్తకాన్ని చదివింది. ‘కప్పకు వచ్చింది జలుబు’ అని ఎడమవైపు. కుడివైపు ఎలుక ‘ఇటు జరుగు!’ అంటోంది. నడిమి పేజీలో ‘కోడి ఎక్కింది సైకిలు, గుడ్డు కొట్టింది విజిలు’ ఒక్కటే కుదిరింది. మిగతావన్నీ ఒకరి పెళ్లాన్ని ఇంకొకరి పక్కన కూర్చోబెట్టినట్టున్నాయి.

దొంతరలోంచి ఇంకోటి లాగింది. అదీ అంతే.

అవతల ఓనరు గొంతు పెరిగింది. ఈసారి మాస్టారితో కాదు. “ఏమయ్యా మిషనూ! పేజీలు ఎలా అమర్చావు? కళ్లు నెత్తికెక్కాయా?”

మిషనంటే అచ్చు మిషను నడిపే మనిషి. సూదత్త అల్లుడు. ఆర్నెల్ల కిందట ఆమె మాట మీదే పనిలో పెట్టుకున్నారు. పోయిన నెల రసీదు పుస్తకాలు తలకిందులుగా అచ్చేసి ఒప్పుకోలు కాగితం రాసిచ్చాడు. ఆ తప్పు వాడిదే, సందేహం లేదు. కానీ ప్రెస్సులో రెండో కాగితం రాస్తే ఇక గుమ్మం బయటే.

“నాదే పొరపాటు సార్,” అన్నాడు అల్లుడు. “సాయంత్రానికల్లా సరిచేసి ఇస్తాను.”

వాడికి తెలుసు! పేజీలు అమర్చిన వాడికి ఎక్కడ తేడా వచ్చిందో తెలియదా? తెలిసే తన నెత్తిన వేసుకుంటున్నాడు. నోరెత్తితే తన చోట మిషను వస్తుంది: ఓనరు బల్ల మీద ఎప్పట్నుంచో ఉన్న మడత మిషను బొమ్మల కాగితం ఆమె కళ్లముందు ఆడింది. ఎత్తకపోతే ఇంట్లో కూతురి మొహం. చేతిలో పుస్తకంతోనే ఆ గదిలోకి వెళ్లింది.

“బాబూ, తప్పు వాడిది కాదు. నాది.”

ఓనరు ఆమె వంక చూసి నవ్వేశాడు. “అత్త సొమ్ము అల్లుడు దానం చేశాడని విన్నాను గానీ, అల్లుడి తప్పు అత్త మోయడం ఇదే చూడటం. నువ్వెళ్లి కూర్చో అత్తా.”

“నిజం బాబూ, కాగితాలు అటూ ఇటూ పెట్టాను.”

“నువ్వా? నేను నిక్కర్లు వేసుకున్నప్పట్నుంచి చూస్తున్నా. ఒక్క పేజీ తప్పావా?”

“అత్తయ్యా, మీరు ఊరుకోండి,” అన్నాడు అల్లుడు నేల చూస్తూ.

“నువ్వు నోర్మూసుకో అల్లుడూ!”

తప్పు చేయలేదని నమ్మించడం కష్టమని లోకం అంటుంది. తప్పు చేశానని నమ్మించడం ఇంకా కష్టమని ఆమెకు అప్పుడే తెలిసింది. ముప్ఫై ఏళ్ల మంచిపేరు గోడలా అడ్డం నిలబడింది. బల్ల మీద అప్పటికే తెల్లకాగితం, పెన్ను. అల్లుడు రాయడం మొదలుపెట్టాడు.

సూదత్త బల్ల దగ్గరికి జరిగింది. గోరు పెట్టి చేతిలోని పుస్తకం పిన్నులు రెండూ లేపింది. వేలి కొస నుంచి చిన్న నెత్తుటి చుక్క వచ్చింది, చీరకు తుడుచుకుంది. నాలుగు కాగితాలూ విడదీసి, రెండోదాన్నీ మూడోదాన్నీ తారుమారు చేసి, మళ్లీ ఒడిలో ఒడి పెట్టి మాస్టారి చేతికిచ్చింది.

“అచ్చులో తప్పుంటే ఇది బాగుపడదు కదా మాస్టారూ. చదవండి.”

ఆయన అయిష్టంగానే తెరిచాడు. “ఏనుగు వేసుకుంది గౌను. గుండీ ఒక్కటీ పట్టదు, అవును!” పేజీ తిప్పాడు. “కప్పకు వచ్చింది జలుబు. తుమ్మితే ఊడింది తలుపు.” ఇంకోటి. “పిల్లి కొన్నది గొడుగు. ఎలుక అడిగింది: ఇటు జరుగు!” గొంతు తనకు తెలియకుండానే తరగతి గది గొంతైపోయింది. చివరిదాకా చదివి తలెత్తాడు. “అన్నీ కుదిరాయి. మరి ఇలా ఎందుకు పెట్టారమ్మా?”

“వాన పడకుండా జలుబెలా వస్తుందనుకున్నాను.”

మాస్టారు పకపకా నవ్వాడు. ఓనరు నవ్వలేదు.

మధ్యాహ్నమంతా నలుగురూ కూర్చుని పుస్తకాలు విప్పి సరిచేశారు. మాస్టారు కూడా చొక్కా చేతులు పైకి మడిచి కూర్చున్నాడు, ఒక్కో పుస్తకం కుదిరిందో లేదో చూడటం ఆయన పని. అల్లుడు మళ్లీ పిన్నులు కొట్టాడు. ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఎండ కిటికీ దాటేసరికి నాలుగు వందలూ కట్టలు కట్టి సిద్ధం.

గండం గడిచిందనుకుంది సూదత్త. అప్పుడు ఓనరు సగం రాసిన ఆ కాగితాన్ని అల్లుడి ముందుకు తోశాడు. “మిగతాది రాసెయ్. సాక్షిగా మాస్టారి సంతకం కూడా కావాలి. సగం రోజు పని ఆగింది, ఫైల్లో ఎవరిదో ఒకరి తప్పు ఉండాలి కదా.”

“నాదని చూపించాను కదా బాబూ!”

“చూపించావులే అత్తా. కానీ నీ పేరు చూసి పనిచ్చేవాళ్లు ఎంతమంది ఉన్నారో నీకేం తెలుసు? సూదత్త తప్పు మడిచిందని బయటికి పొక్కితే నా దుకాణం ఏం కావాలి? మీవాణ్ణి ఇంకెక్కడైనా పెట్టిస్తాలే.” ఆ మాట ఎంతో ప్రేమగా అన్నాడు. అందుకే ఆమెకు భయం వేసింది.

అల్లుడు మిగతా నాలుగు వాక్యాలూ రాసి, వేలిముద్రంత చిన్న సంతకం చేసి బయటికి వెళ్లిపోయాడు. ఓనరు కట్టలు లెక్కపెట్టడానికి వెళ్లాడు. మాస్టారు జేబులోంచి పెన్ను తీసి, మూత విప్పి, కాగితం దగ్గరికి లాక్కున్నాడు. సూదత్త అరచేయి తెచ్చి ఆయన సంతకం పెట్టాల్సిన చోట ఆనించింది.

“దీని మీద పెట్టకండి మాస్టారూ. నాకు రాయడం అలవాటు తప్పింది, అక్షరాలు వంకర్లు పోతాయి. ఇంకో తెల్లకాగితం తీసుకుని మీరు రాసిపెట్టండి. మడిచింది ఎవరో, ఎలా మడిచిందో నేను చెబుతాను. కింద సంతకం నేను పెట్టాక, మీది పెట్టండి.”