ముప్పై వేల ముప్పై ఒకటి

పెరటి గోడ మీదికి పాకిన దొండతీగను పీకుతుంటే ఆకులు నలిగి చేతులకు పట్టిన పచ్చి వాసన, రెండుసార్లు కడుక్కున్నా పోలేదు. అన్నూరు దగ్గర మా తాత ఇంట్లో పలకలు తుడిచింది ఆ ఆకుతోనే. శివరాత్రి వచ్చే మాసి నెల ఎండకు చేను నెర్రెలిచ్చి, పత్తి ఏరడం ఇంకా ముగియక, కారమడై గుడి తేరు తిరునాళ్లకు తీసుకుపోవడానికి అవ్వ మురుకులు వత్తుతూ ఉండే రోజులు. నాకు తొమ్మిదేళ్లు.

నాన్న చెల్లెలైన అత్తను తాత తొమ్మిదో తరగతితో బడి మాన్పించాడు. పది పరీక్ష ప్రైవేటుగా రాస్తానని ఆమె ఏడాదిగా అడుగుతోంది. ఏ సంఖ్య చెప్పినా దేనితో భాగించవచ్చో కనిపెడతానని తాతకు గర్వం.

"దేంతోనూ తెగని నెంబరొకటి తేమ్మా, పెద్దదిగా. తేరు దినం లోపల నేను తెంచలేకపోతే పరీట్చ రాసుకో," అన్నాడు.

అత్త రెండు, మూడు, అయిదు, ఏడు, పదకొండు, పదమూడు గుణించి ఒకటి కలిపింది. 30031. ఆ ఆరింటిలో దేనితో భాగించినా ఒకటి మిగులుతుంది కనుక అది ప్రధాన సంఖ్యేనని ఆమె నమ్మకం. తాత పదిహేడుతో మొదలుపెట్టాడు. నూట డెబ్బై మూడు దాకా చూస్తే చాలని ఆయనకు తెలుసు. అంతకు మించిన భాజకం ఉంటే దాని జత చిన్నదై ముందే దొరుకుతుంది.

"పత్తి ఏరేదానికి కూలి ఆళ్లు లేరు, తండ్రీ కూతురూ పలకలు గీకుతా ఉండారు," అని అవ్వ.

అత్త వంటింటి గడప దగ్గరికి వచ్చేది, లోపలికి పోయేది, మళ్లీ వచ్చేది. మూడో రోజు కళ్లు మండి తాత ఒక పలక నాకిచ్చాడు.

"యాభై తొమ్మిదితో నువ్వు చూడు కణ్ణూ."

అయిదు వందల తొమ్మిది వచ్చింది. కింద ఏమీ మిగల్లేదు. మళ్లీ చేశాను, అంతే. అత్త గడపలో నిలబడి నా చేతినే చూస్తోంది. ఆకుతో తుడిచేశాను.

"ఎంత మిగిలె?"

"ఒకటి, తాతా."

ఆయన అరవై ఒకటికి పోయాడు. తేరు నాటి పొద్దున నూట డెబ్బై మూడు కూడా చూసి, పలక పక్కన పెట్టి, "పోయి రాసుకోమ్మా" అన్నాడు.

అత్త రాసింది, లెక్కల టీచరమ్మ అయింది. తాత పోయాక కూడా నేను నోరు విప్పలేదు. పోయిన నెల కోయంబత్తూరు ఆస్పత్రిలో, ఆమె ఇక ఇల్లు చేరదని తెలిశాక, ఉండబట్టలేక చెప్పాను.

"తెగుతాదని టీచరు ట్రైనింగులోనే కనుక్కొంటి," అంది. "నాయన అది తెలిసే నన్ను రాసేదానికి వదిలినాడని అనుకొంటా ఉంటినే, ఇన్నేండ్లూ."

ఆయన నా లెక్క మళ్లీ సరిచూసుకునే ఉంటాడన్నాను. ఆమె గోడవైపు తిరిగింది. నాలుగు రోజులకు పోయింది.

తాత ఇల్లున్న చోట ఇప్పుడు మరమగ్గాల షెడ్డు ఉంది. తాత సరిచూసుకున్నాడో లేదో చెప్పగలిగిన వాళ్లెవరూ మిగల్లేదు. తండ్రి కావాలనే ఓడాడని నమ్మిన మనిషి ఒక్కతే ఉండేది. ఆ నమ్మకాన్ని ఆమె దగ్గర నేనే తీసేసుకున్నాను.