ముందు చేసినవాడు

సెకండ్‌హ్యాండ్ స్కూటర్ ముందు కూర్చుంటే ఆ వైరింగ్ మెకానిక్ చేతికంటే ముందు నోటికి పని చెబుతాడు. తనకంటే ముందు ఆ బండి ముట్టుకున్నవాణ్ణి, వాడెవడైనా సరే, ఏడు తరాలతో సహా కడిగేస్తే తప్ప అతనికి పని సాగదు. ఇవాళ టీచరమ్మ తెచ్చిన బండికి లైటు వేస్తే హారన్ మూగబోతోంది. "ఎవడో గానీ దద్దమ్మ, టేపు చుట్టాడా, గడ్డిమోపు కట్టాడా!" అంటూ హెడ్‌లైటు వెనక జిడ్డుపట్టిన టేపు విప్పాడు. కింద తెల్లదారం ఏడు చుట్లు, చివర చిన్న ముడి. నోరు టక్కున ఆగిపోయింది. టేపును నమ్మక ప్రతి జాయింటుకూ దారం చుట్టే మనిషి ఒక్కడే ఉండేవాడు, తనకు పని నేర్పిన అన్నయ్య. "ఇదేమన్నా బొంతా అన్నయ్యా, కుడుతున్నావు?" అని ఇతను ఏడిపిస్తే, "నవ్వరా నవ్వు, నేను పోయినా ఇది ఊడదు" అనేవాడు. పోయి పదేళ్ళయింది.

"తప్పు ఎవరిదంటారు మేస్త్రీ?" అంది టీచరమ్మ.

"ఇక్కడేం తప్పు లేదమ్మా."

జానెడు దూరంలో ఎర్తు వైరు తుప్పుపట్టి తెగి ఉంది. దాన్ని శుభ్రంగా గీకి కలిపి, టేపు అందుకోబోయి ఆగాడు. పిగిలిన చొక్కా అంచు నుంచి పోగు లాగి, పళ్ళతో తెంపి, ఏడు చుట్లు చుట్టాడు.

"రేపు విప్పేవాడు తిట్టుకుంటే తిట్టుకోనీ" అనుకుంటూ ముడి బిగించాడు.