రొట్టెలనుకొని తెరిచిన పెట్టె

సర్వసాక్షి అయిన సూర్యభగవానునికి ముందుగా నమస్కరిస్తున్నాను. ఈ వృత్తాంతంలో నాకు తోడుదొంగ ఆయనే. శ్రీ యువనామ సంవత్సర వైశాఖ శుద్ధ దశమినాడు, ఉప్పల్ నుంచి నాచారం వెళ్లే దారిలోని ఒక పరిశోధనశాలలో, సామాను గది అధికారినైన నేను చేసిన ఘనకార్యం చిత్తగించండి. కావ్యాలూ వ్యాకరణమూ నమిలి మింగినవాడు ఇంత మూర్ఖుడు కాగలడా అని మీరే విస్తుపోతారు.

ఆ రోజుల్లో మా గదిలోని వెండిలా మెరిసే అల్యూమినియం రేకు చుట్టలు పెళ్లింట లడ్డూల్లా మాయమయ్యేవి. పట్టుకుపోయేది ఒక్కరే: క్యాన్సర్ మందును పరీక్షిస్తున్న ఎస్తేరు. ఆమె గది నిండా నల్లతెరలు. ఆమె నమస్కారం పెట్టినా నాకు అనుమానమే, నవ్వితే రెట్టింపు అనుమానం. అటెండరు యాదగిరి అందులో ఆజ్యం పోశాడు.

"సార్, లోపల వెచ్చగుండే పెట్టె ఉన్నది. రేకుల సుట్టి ఏందో పెడ్తది. రొట్టెలే అయ్యుంటయ్!"

"ఆఫీసు కరెంటుతో రొట్టెలా?"

"మరేంది? జర పోయి సూడున్రి."

ఆమె భోజనానికి వెళ్లగానే లోపలికి దూరాను. పెట్టె తెరిచి రేకులన్నీ విప్పాను. రొట్టెలు లేవు, పళ్లేల్లో గులాబీరంగు నీళ్లు. షర్బతు! నేరం మరింత రుచికరమైంది. నల్లతెర పక్కకు లాగి, పళ్లేలను కిటికీలో మండుటెండకు పెట్టి, అరగంటసేపు సంధులు తప్పకుండా పంచనామా రాశాను.

"అయ్యో సార్! ఏం జేసిన్రు?" గుమ్మంలో ఎస్తేరు.

"ముందు ఈ షర్బతు సంగతి చెప్పమ్మా."

"షర్బతా? అవి క్యాన్సర్ కణాలు సార్! వాటిల మందు కలిపిన. వెలుగు తగిల్తెనే ఆ మందు కణాలను సంపుతది. చీకట్ల ఉంటె సంపదని సూపెట్టెతందుకే రేకు సుట్టి దాసిన. ఎల్లుండి కమిటీ వస్తది. గిది సూపకుంటె నా పని బంద్ జేస్తరు!"

పంచనామాను నాలుగు మడతలు పెట్టి జేబులో దాచాను. యాదగిరి కోసం చూస్తే, అతగాడు అప్పటికే మల్లాపూర్ దాటి ఉంటాడు.

మర్నాడు సూక్ష్మదర్శినిలో చూస్తే ఒక్క కణమూ బతికి లేదు. పెద్దసారు ముందు చేతులు కట్టుకొని నా తప్పు ఒప్పుకున్నాను. ఆయన కమిటీని నెల తరువాత రమ్మన్నారు.

"ప్రయోగాల పుస్తకంల కారణం రాయాలె సార్. అబద్ధం రాయొద్దు," అంది ఎస్తేరు.

"రాయమ్మా. కాస్త మర్యాదగా రాయి."

ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించింది: "కణాలు చచ్చిన కారణం: ఎండ. ఎండకు కారణం: స్టోర్ సారు."

విజ్ఞానశాస్త్రంలో నా పేరు నిలిచిన చోటు అదొక్కటే. కాబట్టి అగ్నిసాక్షిగా (వద్దు, అదీ వెలుగే), చీకటిసాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను: ఇతరులు కప్పినదాన్ని ఈ జన్మలో నా చేత్తో విప్పను.

జ్యేష్ఠ శుద్ధ ద్వాదశినాడు కమిటీ వచ్చింది. ఎస్తేరు మళ్లీ చేసిన ప్రయోగంలో వెలుగు తగిలిన కణాలు చచ్చాయి, చీకటిలో ఉంచినవి బతికే ఉన్నాయి. ఆమె పని కొనసాగింది.