కాంటా దగ్గరి చవక కీబోర్డు

2023. దసరా పోయి ఇంకా నెల నిండలేదు. పటాన్‌చెరులో మా కంప్యూటర్ షాపు షట్టర్ ఎత్తి టీ గ్లాసు చేతిలోకి తీసుకున్నానో లేదో వీరేశం సేటు ఫోన్ చేశాడు. ఆయనకు జిన్నారం రోడ్డు మీద ధర్మకాంటా ఉంది. ధర్మకాంటా అంటే లారీలను తూచే కాంటా. మందుల కంపెనీలకు సరుకు తెచ్చే ప్రతి లారీ దాని మీద ఎక్కి దిగాల్సిందే. బరువు దానంతటదే కంప్యూటర్‌లోకి వస్తుంది, బండి నంబరు మాత్రం మనిషి కొట్టాలి. రెండూ కలిపి అచ్చయ్యే తూకం కాగితమే చిట్టీ. ఆయన దగ్గర ఆ నంబర్లు కొట్టేది స్వరూప.

"పద్మమ్మా, జెర జల్దీ రా. ఆ స్వరూప కంప్యూటర్ల ఏందో చేసింది. దొంగ చిట్టీలు తీస్తున్నది" అన్నాడు.

టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను. స్వరూపా? దొంగ చిట్టీలా? నాకు తెలిసిన స్వరూప మౌస్ కిందేసే అట్ట చిరిగితే కూడా సేటును అడగకుండా మార్చదు.

ఆమెది గుమ్మడిదల దగ్గర పల్లె. ఉన్న కాస్త పొలం బోరు ఎండి పడావు పడింది. భర్త పనిచేసే ఫ్యాక్టరీలో పని ఆగిపోయినప్పటి నుంచి ఇల్లు ఆమె జీతం మీదే నడుస్తోంది. ఆ రోడ్డు మీద కాంటాలు నడిపేవాళ్లంతా ఒకరికొకరు ఎరికే. ఒక దగ్గర దొంగ అన్న పేరు పడితే ఇంకో దగ్గర కుర్చీ వేసేవాడు ఉండడు. ఆమె ఉద్యోగం కంటే పేరు గురించి నాకు ఎక్కువ భయమేసింది.

కీబోర్డు సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. ఆ వేసవిలో స్వరూప మా షాపుకు వచ్చి వేళ్లు చూపించింది. "అక్కా, నొక్కీ నొక్కీ వేళ్లు గుంజుతున్నయ్" అంది. కాంటా దగ్గర ఉన్నది మెంబ్రేన్ కీబోర్డు. అంటే అన్ని మీటల కిందా ఒకటే రబ్బరు పొర పరిచి ఉంటుంది. పాతబడేకొద్దీ గట్టిపడుతుంది. మెకానికల్ కీబోర్డులో అలా కాదు. ఒక్కో మీటకు సొంతంగా ఒక స్విచ్, అందులో ఒక స్ప్రింగు ఉంటాయి. తేలిగ్గా నొక్కుకుంటుంది. మంచివి ఖరీదు. చవకవి ఆన్‌లైన్‌లో బోలెడు దొరుకుతాయి, పెళ్లి మండపంలా రంగురంగుల లైట్లేసుకుని. నాకవి చూస్తేనే ఒళ్లు మంట. "వద్దే, ఆరు నెలలు కూడా ఉండదు" అన్నాను. వినలేదు. సొంత డబ్బుతో ఒకటి తెప్పించి కాంటా దగ్గర పెట్టుకుంది. వేళ్ల నొప్పి పోయిందని ఫోన్ చేసి మరీ చెప్పింది.

స్కూటీ వేసుకుని నేను వెళ్లేసరికి కాంటా పక్కన లారీ ఒకటి ఆగి ఉంది. డ్రైవర్ బీహార్ వాడు, చేతిలో చిట్టీ పట్టుకుని కాంటా గదిలో లబలబలాడుతున్నాడు. "మేడమ్, గాడీ మేరా, నంబర్ కిసీ ఔర్ కా! గేట్ పే రోక్ దియా!" అసలు నంబరు 4582. చిట్టీ మీద 4558. వేరే లారీ చిట్టీ చూపించి సరుకు మాయం చేస్తున్నారేమోనని కంపెనీ గేటు దగ్గర బండిని నిలిపేశారట. ఇలాంటివి ఆ వారంలో ఇంకా వచ్చాయని సేటు గొంతు చించుకుంటున్నాడు.

"డ్రైవర్లతోటి కుమ్మక్కయింది. లేకుంటే ఇన్నేండ్లల్ల రాని తప్పు ఇప్పుడే ఎట్ల వస్తది?"

స్వరూప ఏడవడం లేదు. మొహం పాలిపోయి ఉంది. "నేను కరెక్టే కొట్టిన సేటూ. నా పిల్లల మీద ఒట్టు. మీ ముంగటనే మళ్ల కొట్టి చూపెట్టిన కదా, కరెక్టే వచ్చింది కదా!"

"అదే నేనూ అంటున్న! చూస్తున్నప్పుడు కరెక్టు, చూడనప్పుడు తప్పు. ఇగ రేపటి సంది రాకు."

నేను స్వరూపను పక్కకు జరగమని కుర్చీలో కూర్చున్నాను. ఖాళీ పేజీ ఒకటి తెరిచి పక్కనున్న నంబర్ల మీటలను వరసగా కొట్టుకుంటూ పోయాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు బాగానే పడ్డాయి. ఐదు కూడా బాగానే పడింది. మళ్లీ కొట్టాను. ఈసారి ఒక్క నొక్కుకు రెండు ఐదులు పడ్డాయి.

దీన్ని మేము కీ చాటరింగ్ అంటాం. స్విచ్ లోపల రేకు సరిగ్గా అంటకుండా వణికితే, ఒకసారి నొక్కినదాన్ని కంప్యూటర్ రెండుసార్లు అనుకుంటుంది. ప్రతిసారీ చేయదు, బుద్ధి పుట్టినప్పుడే చేస్తుంది. నంబరు గడిలో నాలుగంకెలే పడతాయి. 4582 కొడుతుంటే ఐదు రెండుసార్లు పడి, ఎనిమిదితో గడి నిండిపోయింది. చివరి రెండుకు చోటు లేదు. అయినా నాలుగంకెలూ నిండుగా ఉన్నాయి కాబట్టి అనుమానం రాదు. స్వరూప చూపు కిటికీలోంచి లారీ నంబరు ప్లేటు మీద ఉంటుంది, స్క్రీన్ మీద కాదు. తెలిసేదెలా?

"చెప్తే విన్నవా? చవక సరుకు!" అని ఆమె మీదే ఎగిరాను. మనసులో కొంచెం గెలిచినట్టు కూడా అనిపించింది. చిన్న పట్టకారుతో ఐదో నంబరు మీట మీది టోపీ ఊడబెరికాను.

లోపల ఎర్రగా ఉంది.

ఒక్క క్షణం నెత్తురనుకున్నాను. చెయ్యి వెనక్కి లాక్కున్నాను. స్వరూప కూడా "అమ్మో!" అంది. టార్చి వేసి చూస్తే స్విచ్ చుట్టూ ఎర్రటి ముద్ద ఎండి అట్టకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే పులిసిన కొబ్బరినీళ్ల వాసన. కుంకుమ!

"సేటూ, దసరాకు పూజ ఎవరు చేసిన్రు?"

"ఎవరేంది, నేనే. మా నాయిన కాలం సంది నా చేతులతోనే చేస్త. కాంటాకు, కంప్యూటర్‌కు, అన్నింటికీ బొట్టు వెట్టి కొబ్బరినీళ్లు చల్లుత."

"దీనికి ఏడ వెట్టిన్రు బొట్టు?"

ఆయన వేలు గాల్లోనే కీబోర్డు మీదికి వచ్చింది. నంబర్ల మీటల నట్టనడుమ, ఐదు మీద ఆగింది. అలాగే ఉండిపోయింది.

పాత కీబోర్డుకు ప్రతి దసరాకూ ఇదే పూజ జరిగింది. రబ్బరు పొర అడ్డం ఉండబట్టి దానికేమీ కాలేదు. పూజ మారలేదు, పెట్టిన చెయ్యీ మారలేదు, కీబోర్డు ఒక్కటే మారింది. మెకానికల్‌లో టోపీ కింద స్విచ్ నోరు తెరుచుకునే ఉంటుంది. చల్లిన నీళ్లతో కుంకుమ నేరుగా లోపలికి దిగింది, ఎండి అట్టకట్టాక ఈ వారం నుంచి మొరాయించింది.

సేటు తేరుకున్నాడు. "దేవుని బొట్టు తప్పు చేపిస్తదా? గిట్ల ఏడన్న ఉంటదా?"

ఆ కీబోర్డు హాట్‌స్వాప్ రకం. అంటే స్విచ్‌లను టంకం లేకుండా పీకి మార్చుకోవచ్చు. ఐదు స్విచ్ తీసి తొమ్మిదిలో, తొమ్మిదిది తీసి ఐదులో గుచ్చాను. "మీరే కొట్టుండ్రి" అన్నాను. సేటు ఐదు కొట్టాడు, ఎన్నిసార్లు కొట్టినా ఒక్కొక్కటే పడింది. తొమ్మిది కొట్టాడు, ఒకటే పడింది. మళ్లీ కొట్టాడు. రెండు తొమ్మిదులు.

ఆయన మీట మీది నుంచి వేలు తీసేశాడు. ఆ మనిషిని అంత చిన్నగా నేనెప్పుడూ చూడలేదు. డ్రైవర్‌కు తెలుగు రాకపోయినా విషయం అర్థమైంది. "హే భగవాన్" అని చెంపలేసుకున్నాడు.

స్వరూపకు అప్పుడొచ్చింది ఏడుపు. "నా చెయ్యిని అనుమానించిన్రు సేటూ. ఒక్కసారన్న కీబోర్డును అనుమానించకపోతిరి."

సేటు జేబులోంచి ఫోన్ తీశాడు. కంపెనీ గేటుకు తనే కలిపి, "తప్పు మా కాంటాది. పిల్లది కాదు, నాది" అన్నాడు. ఆ మాట ఆయన నోట వస్తుందని నేను కలలో కూడా అనుకోలేదు. బయట లారీలు హారన్లు కొడుతున్నాయి. పెద్దగా పని పడని మీట నుంచి మంచి స్విచ్ తీసి తొమ్మిదిలో పెట్టాను. స్వరూప కళ్లు తుడుచుకుని కూర్చుంది.

చవక మెకానికల్ కీబోర్డు కొనొచ్చా అని ఇప్పటికీ షాపులో అడుగుతుంటారు. స్విచ్‌లు ఊడొచ్చే రకమైతే కొనుక్కోమంటాను, పని కాగానే గుడ్డ కప్పమంటాను. లైట్ల మీద నా కోపం మాత్రం అలాగే ఉంది. ఆ రోజు నేను నేర్చుకున్నది కీబోర్డు గురించి కాదు. తప్పు కనబడగానే సేటు మనిషిని పట్టుకున్నాడు, నేను సరుకు ధరను పట్టుకున్నాను. మూత తీసి లోపలికి చూడాలని ఇద్దరికీ ముందు తోచలేదు.

మరుసటి దసరా పొద్దున సేటు ఫోన్ చేశాడు. "పద్మమ్మా, పూజకు కూసున్న. కంప్యూటర్‌కు బొట్టు ఏడ వెట్టాలె?"

నేను నోరు తెరిచేలోపే వెనక నుంచి స్వరూప గొంతు గట్టిగా వినబడింది. "టేబుల్‌కు వెట్టుండ్రి సేటూ! నా కీబోర్డు జోలికి రాకుండ్రి!"