దానియేలు జోలపాట

పదిహేడేళ్ళుగా ఒక జోలపాట నాకు గుండెల మీద కుంపటై కూర్చుంది. జోలపాట కుంపటేమిటని నవ్వుతారేమో. నవ్వండి, దానియేలున్నా నవ్వేవాడే. మీరు వాణ్ణి ఎరగరు కాబట్టి మీకు చెప్పడం తేలిక.

దానియేలు మా ఉదయగిరి చర్చి నాటకాలకు బాణీలు కట్టేవాడు. పగలంతా ఆత్మకూరులో బట్టలు కుట్టి, సాయంత్రం బస్సు కిటికీ పక్కన కూర్చుని కూనిరాగాలు తీసేవాడు. దిగేసరికి పాట సిద్ధం. గొర్రెల కాపరులకు వాడు కట్టిన పాటకు పాస్టరుగారు కూడా కాలు కదిపారు. నేను డోలక్ వాయించేవాణ్ణి.

పదిహేడేళ్ళ కిందటి క్రిస్మస్ నాటకంలో పశువుల పాకలో మరియమ్మ పాడే జోలపాట ఒక్కటే మిగిలింది. ఎవరికీ నేర్పకముందే నాకొక్కడికే వినిపించాడు. నిదానంగా ఉంది. నా చేతులు ఊరుకోలేదు, డోలక్ మీద ఉరికాయి. వాడు ఆపాడు.

"ఉరకబాకరా. బిడ్డ నిద్ర పోవాల."

"ఇంత మెల్లంగా వాయిస్తే నా డోలక్ ఎవురికి వినపడతాదిరా?"

"నీ డోలక్ కాదురా, పాట వినపడాల."

వారం తిరక్కుండా వాడు కామెర్లు ముదిరి చనిపోయాడు. ఇరవయ్యారేళ్ళు.

నాటకం ఆపొద్దని వాళ్ళమ్మే అంది. మరియమ్మ వేషం వేసే అమ్మాయికి ఆ పాట నేనే నేర్పాను. మూడింతలు వేగంగా. మరిచిపోయానా? లేదు. ఏడుపు ఆపుకోలేకనా? అలాగని ఏళ్ళ తరబడి నాకు నేనే చెప్పుకున్నాను గానీ, అదీ అబద్ధమే. జనం నా డోలక్‌కు ఈలలు వెయ్యాలని. వేశారు కూడా. అవ్వలు చిందులేశారు. వాళ్ళమ్మ ముందు వరసలో చప్పట్లు కొట్టి, చివర్లో నా చేతులు పట్టుకుంది.

"పోతా పోతా గూడా నా బిడ్డ అందర్నీ నవ్విచ్చినాడయ్యా."

ఆ చేతులే మోసం చేశాయని ఎలా చెప్పను?

ఇప్పుడా పాట సీతారామపురం నుంచి అనంతసాగరం దాకా పెళ్ళిళ్ళలో కూడా మోగుతుంది. నిద్రపుచ్చాల్సిన పాటకు పిల్లలంతా లేచి ఎగురుతారు. చూస్తే నాకూ ఆనందమే, అదే నా సిగ్గు. వాడు కట్టిన అసలు పాట నా ఒక్కడి దగ్గరే ఉంది.

నిన్న మధ్యాహ్నం తలుపేసుకుని, వాడు చెప్పినట్టే ఎత్తుకున్నాను. మొదటి చరణం నిలిచింది. ఎంత బాగుందో. రెండో చరణానికి చేతులు మళ్ళీ ఉరికాయి. కళ్ళనీళ్ళతోనే నవ్వొచ్చింది. ఆపి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకున్నాను.

వాళ్ళమ్మకు చెప్పే ధైర్యం ఇంకా రాలేదు. మీకు చెప్పాను. అది జోలపాటండీ. నిదానంగా పాడాలి.